బురద చదివే మనిషికి వాటా

కెన్యాలోని మసాయి మారాలో సఫారీ మొదటి రోజు చీకటితోనే మొదలవుతుంది. తెల్లవారకముందే గుడారం బయట ఓ మనిషి వచ్చి మెల్లగా పిలిచి, వేడి కాఫీ బల్ల మీద పెట్టి వెళ్తాడు. కృష్ణా జిల్లా చల్లపల్లి నుంచి వెళ్లిన దంపతులకు ఆ వేళకు లేవడం కష్టమేమీ కాదు. 2014 నవంబరు 12న డాక్టర్ డీఆర్కే ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతుల చొరవతో స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమం మొదలైన దగ్గర్నుంచి, కోడి కూసే వేళకే వీధుల్లో చీపుళ్ల చప్పుడు వినిపించే ఊరు వాళ్లది. వాళ్లను ఆశ్చర్యపరిచేది చలి. భూమధ్యరేఖకు అంత దగ్గరలో ఉంది కదా, రోహిణి కార్తెలా మండిపోతుందనుకుని నూలు బట్టలే సర్దుకుంటారు. తీరా చూస్తే అది సముద్ర మట్టానికి పదిహేను వందల మీటర్ల ఎత్తున్న గడ్డి మైదానం. జులైలో అక్కడ దుప్పటి కప్పుకుని జీపెక్కాలి.

సఫారీకి వచ్చిన ఈ దంపతులు ఫలానా అని చెప్పనక్కర్లేదు. పొలం కౌలుకిచ్చి, పిల్లలు టికెట్లు తీసి పంపితే బయల్దేరే ఇలాంటి జంటలు కృష్ణా డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బయల్దేరడానికి పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. ఆ పసుపు రంగు పుస్తకం లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. గన్నవరం నుంచి ముంబై, ముంబై నుంచి నైరోబీ, అక్కడి విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో ముప్పావు గంట. తిండి ఎలా ఉంటుందోనన్న బెంగతో గోంగూర పచ్చడి సీసా సంచిలో పెట్టుకుని దిగినవాళ్లకు బల్ల దగ్గర వినిపించే మాటలు చాయ్, చపాతీ! స్వాహిలీలోనూ అవే మాటలు. 1896 నుంచి 1901 దాకా మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు వరకు రైలు దారి వేసింది మన దేశం నుంచి తీసుకెళ్లిన కూలీలే. 1898లో సావో నది వంతెన దగ్గర రెండు సింహాలు ఆ కూలీల్లో ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి. సఫారీ అన్నది కూడా మనకు పరాయి మాట కాదు. ప్రయాణం అని అర్థం. ఉర్దూలో సఫర్ అంటాం, రెంటికీ మూలం అరబ్బీనే.

జీపు బయల్దేరాక మొదటి గంటలో కనిపించేవాటికి లెక్క ఉండదు. చారల గుర్రాలు, జిరాఫీలు, దుమ్ము రేపుకుంటూ సాగే వైల్డ్‌బీస్ట్ మందలు. జులై నుంచి అక్టోబరు మధ్య టాంజానియాలోని సెరెంగెటి నుంచి పచ్చిక వెతుక్కుంటూ పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు కదులుతాయి. వాటిలో పెద్ద భాగం మారా నది దాటి ఇటు వస్తుంది. తిరనాళ్లలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయే ఆ మందను చూసి ఆమె ఫోను తియ్యడం కూడా మరిచిపోతుంది. ఇదంతా టీవీలో చూసిందే. టీవీలో రానిది వాసన ఒక్కటే. పచ్చగడ్డి, పేడ, దుమ్ము కలిసిన వాసన. డెల్టాలో పశువుల కొట్టం ఎరిగిన ముక్కుకు అది వెంటనే అందుతుంది.

ఆ రోజంతటిలో మరిచిపోలేని ఘట్టం మాత్రం సింహం కాదు. అంతకు ముందు జరిగేది.

జీపు నడిపేవాడే దారి చూపేవాడు కూడా. మసాయి కుర్రాడు. నడుస్తున్న బండిని ఉన్నట్టుండి ఆపి ఇంజను కట్టేస్తాడు. వేలు పెట్టి చూపించడు, మాట్లాడడు. దూరంగా ఓ చెదపుట్ట మీద టోపి అనే జాతి జింక ఒకటి నిలబడి ఉంటుంది. ముదురు గోధుమ ఒళ్లు, తొడల మీద నీలి నలుపు మచ్చలు. అది మేత మేయడం లేదు. చెవులు రెండూ ముందుకు పెట్టి ఒకే దిక్కు చూస్తోంది. పక్కనున్న రెండు జింకలూ అటే చూస్తున్నాయి. "అది మనల్ని చూడట్లేదు" అంటాడా కుర్రాడు మెల్లగా. "అది చూస్తున్నచోటికి మనం చూడాలి." జింక చూపు వెంట చూపు కలిపితే, మోకాలెత్తు గడ్డిలో రెండు గుండ్రటి చెవులు. ఇంకాసేపటికి గడ్డి రంగులోనే ఉన్న ఓ వీపు. ఆడ సింహం. రోజులో ఇరవై గంటల దాకా పడుకునే జంతువును మెలకువగా చూడగలగడం మొదటి రోజే పట్టిన అదృష్టం.

"ఏవండీ, మన చెరువు కాపలా మనిషి కూడా ఇట్టాగే చెప్పేవాడు గదండీ" అంటుంది ఆమె. ఆయనకీ గుర్తొస్తుంది. పొద్దున్నే చెరువు గట్టు మీద తడి మట్టిలో అడుగులు చూసి, "రాత్రి బావురు పిల్లి వచ్చి పోయిందండీ, ఇటు దిగి అటు ఎక్కింది" అని చూసినట్టే చెప్పేవాడు. ఆ మనిషి చదివిన బడి ఏమిటో వీళ్లెప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఇంత దూరం వచ్చి, అదే విద్య ఉన్న కుర్రాడి వెనక కూర్చుని, రుసుము కట్టి మరీ వింటున్నారు.

ఈ వ్యాసం ఆ రుసుము గురించే.

మసాయి మారా నేషనల్ రిజర్వ్ విస్తీర్ణం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. 2024 నుంచి జులై-డిసెంబరు మధ్య విదేశీయులకు ప్రవేశ రుసుము రోజుకు తలా 200 డాలర్లు. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒక్క రోజుకే ముప్పై వేల రూపాయలు దాటిపోతుంది. గుడారం, జీపు, భోజనం వేరే లెక్క. అంత డబ్బు ఎందుకు పోస్తున్నారంటే సింహం కోసం అని ఎవరైనా చెప్తారు. ఎవరికి పోతోంది అన్నదే తెలుసుకోవాల్సిన సంగతి. రిజర్వ్ హద్దు దాటితే కన్జర్వెన్సీలని పిలిచే నేలలున్నాయి. ఒకప్పుడు అవి మసాయిల ఉమ్మడి మేత బీళ్లు. తర్వాత కుటుంబాల వారీగా పట్టాలయ్యాయి. పట్టా చేతికొచ్చిన ప్రతివాడూ కంచె వేసుకుంటే జంతువులకు దారి ఉండదు, పశువులకు మేతా ఉండదు. అందుకని 2005 తర్వాత పక్క పక్క పట్టాదారులు ఒక్కటై, తమ భూములు కలిపి, సఫారీ విడిది నడిపేవాళ్లకు కౌలుకివ్వడం మొదలుపెట్టారు. కౌలు డబ్బు ఎకరాల లెక్కన నేరుగా కుటుంబానికి చేరుతుంది. 2013లో ఈ కన్జర్వెన్సీలన్నీ కలిసి ఓ సంఘం పెట్టుకున్నాయి. కౌలు మాట కృష్ణా జిల్లా వాళ్లకు విడమరిచి చెప్పాలా? పంట బదులు సింహం పండుతోంది, అంతే తేడా.

జీపు నడిపిన ఆ కుర్రాడి విద్యకూ బడి ఉంది. కోయియాకి గైడింగ్ స్కూల్ 2005లో మొదలైంది. పశువులు కాసుకునే కుటుంబాల పిల్లలకు పిట్టల పేర్లు, జంతువుల నడత, ప్రథమ చికిత్స, అతిథులతో మాట తీరు నేర్పి, పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. తాత నుంచి వచ్చిన చూపుకు ఓ కాగితం తోడైతే అది ఉద్యోగం అవుతుంది. ఆ కాగితమే లేకపోతే అదే కుర్రాడు విడిదిలో గిన్నెలు కడిగేవాడేమో.

అక్కడంతా బంగారమేమీ కాదు. 1959లో సెరెంగెటి పార్కు కోసం మసాయిలను వాళ్ల నేల నుంచి కదిలించేశారు. ఆ గాయం ఇప్పటికీ మానలేదు. కన్జర్వెన్సీల్లోనూ పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరు మీదే ఉండడంతో కౌలు ఆడవాళ్ల చేతికి అరుదుగా వస్తుంది. కరువు రోజుల్లో పశువులను గడ్డిలోకి రానివ్వకపోతే గొడవలవుతాయి. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగిపోగానే కౌలుకు కోత పడింది. టూరిస్టు మీదే ఆధారపడిన ఇల్లు ఎంత తొందరగా ఒరిగిపోతుందో అప్పుడు తెలిసొచ్చింది. ఇవన్నీ నిజమే. అయినా ఒక్క సంగతి మిగిలింది. మేకను ఎత్తుకుపోయిన సింహాన్ని చంపాలా వద్దా అని అర్ధరాత్రి ఆలోచించే మసాయి పెద్ద దగ్గర, చంపకుండా ఉండడానికి ఓ కారణం ఉంది. ఆ కారణం నెలనెలా వస్తుంది.

కెన్యా వేటను పూర్తిగా నిషేధించింది 1977 మే నెలలో. ఆ ఏడాది చల్లపల్లి ప్రాంతం వాళ్లు ఎన్నటికీ మరవరు. నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. అధికార లెక్కల్లోనే చనిపోయినవాళ్లు దాదాపు పది వేలు. ఇంకా చాలా ఎక్కువేనని ఆ రాత్రి బతికి బయటపడ్డవాళ్లు చెప్తారు. మనుషుల ఎత్తును దాటి వచ్చిన ఆ నీటికి అడ్డం పడగలిగింది ఏదైనా ఉంటే అది తీరంలో మిగిలిన చెట్టూ చేమే. తర్వాత ప్రభుత్వం సరుగుడు తోటలు వేయించింది. వాటికన్నా ముందు నుంచీ, ఎవరూ నాటకుండానే నిలబడినవి మడ అడవులు.

ఆ మడ అడవులు చల్లపల్లికి ఎంత దూరం? మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి దండం పెట్టుకుని, పులిగడ్డ దాటి, అవనిగడ్డ మీదుగా కోడూరు వైపు తిరిగి హంసలదీవి చేరడానికి ఓ పూట చాలు. అటు నాగాయలంక నుంచి పడవెక్కితే కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోటికి పోవచ్చు. ఇక్కడే ఉంది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం, దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ అడవులు దీని కిందికే వస్తాయి. నైరోబీ టికెట్ కొనే స్తోమత ఉన్న డెల్టా కుటుంబాల్లో దీన్ని ఒక్కసారైనా చూసినవాళ్లు ఎందరు? హంసలదీవికి మాఘ పౌర్ణమి నాడు సముద్ర స్నానానికి వెళ్లినవాళ్లు చాలామంది ఉంటారు. పక్కనే అడవి ఉందని, ఆ అడవిలో చేపలు వేటాడే పిల్లి ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

బావురు పిల్లి ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది. బాగా ఎదిగిన మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. బూడిద పచ్చ ఒంటి మీద నల్లటి చుక్కలు వరసలు కట్టి ఉంటాయి. తోక పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. మిగతా పిల్లుల్లా నీళ్లంటే భయపడదు. చర్మానికి ఆనుకుని ఉండే దట్టమైన లోబొచ్చు వల్ల నీళ్లు ఒంటికి అంటవు. కాలివేళ్ల మధ్య కొద్దిగా పొర ఉంటుంది, గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. గట్టు అంచున కదలకుండా కూర్చుని, ముందరి పంజాతో నీటి మీద తేలిగ్గా తడుతుంది. పురుగు పడిందనుకుని చేప పైకి వస్తుంది. అప్పుడు దూకుతుంది, ఒక్కోసారి తల దాకా మునిగిపోతుంది. చేపతో పాటు పీతలు, పిట్టలు, ఎలుకలు కూడా తింటుంది. వరి చేలల్లో ఎలుకల కోసం ఏటా నానా తంటాలు పడే డెల్టా రైతుకు ఈ ఆఖరి మాట పనికొస్తుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీని పేరు మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులి, ఏనుగులతో సమానమైన రక్షణ. పశ్చిమ బెంగాల్ దీన్ని రాష్ట్ర జంతువు చేసుకుంది. కృష్ణా మడ అడవుల్లో దీని మీద మూర్తి కంటిమహంతి, అశ్విన్ నాయుడు లాంటి పరిశోధకులు చెట్లకు కెమెరాలు కట్టి ఏళ్ల తరబడి పని చేశారు. కాకినాడ పక్కనున్న కోరింగ అడవిలో 2018లో లెక్కించినప్పుడు 115 పిల్లులు తేలాయి. ఆంధ్ర తీరానికి ఇది గర్వపడాల్సిన సంగతి. కానీ గట్టు మీద దీన్ని చూసినవాళ్లు చిరుతపులి పిల్ల అనుకుని హడలిపోవడం, తరిమి కొట్టడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

చెరువు రైతు కోపంలో న్యాయం ఉంది. లక్షలు పోసి పిల్ల వేసి, మేత వేసి, రాత్రిళ్లు ఏరేటర్ల చప్పుడు మధ్య నిద్ర లేకుండా కాసుకున్న చెరువులో ఏ జంతువు దిగినా కడుపు మండుతుంది. తొంభైల్లో టైగర్ రొయ్య, తర్వాత వనామి వచ్చాక తీరమంతా చెరువులైంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువులు తీసేయమని తీర్పు ఇచ్చింది. తర్వాత చట్టం మారి, 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ వచ్చి, కొత్త నియమాల కింద చెరువులు కొనసాగాయి. ఇప్పుడు నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర క్షిపణి ప్రయోగ కేంద్రం వస్తోంది. 2025 మే 2న అమరావతి సభ నుంచి ప్రధాని దానికి శంకుస్థాపన చేశారు. విలువ సుమారు 1,500 కోట్లు. దేశ రక్షణకు అది అవసరమే కావచ్చు. దాని వెంట వచ్చే రోడ్లు, దీపాలు, వాహనాలు ఈ మారుమూలను మారుమూలగా ఉండనివ్వవు. పిల్లి బతుకు గురించి, మడ గురించి, అక్కడి మనుషుల గురించి మాట్లాడాల్సింది అవి రాకముందే.

ఇప్పుడు ఆ దంపతులనే ఇక్కడ ఓ రోజు సఫారీకి పంపుదాం. మారా లాంటి అనుభవం ఇక్కడ దొరకదు, ఆ మాట ముందే చెప్పాలి. మైదానం తన జంతువులను దాచుకోదు. కళ్లున్నవాడికల్లా చూపిస్తుంది. మడ అడవి అలా కాదు. పడవ ఎక్కి పాయలోకి మళ్లగానే రెండు పక్కలా ఆకుల గోడ. పాటు వేళ నీరు తీసినప్పుడు బురద పైకి తేలి, అందులోంచి మేకులు పాతినట్టు వేల కొద్దీ వేళ్లు. మడ చెట్టు గాలి పీల్చుకునే వేళ్లు అవి. తిల్ల చెట్టు ఆకు తెంపితే వచ్చే పాలు కంట్లో పడితే చూపు పోతుందని పడవవాడు ముందే హెచ్చరిస్తాడు. ఒక చేయి మాత్రం ఒళ్లంత పెద్దదిగా ఉన్న చిన్న పీతలు బొరియల ముందు నిలబడి ఆ చేయి ఊపుతుంటాయి. బురద మీద గెంతే చేపలు, నీలి మెరుపులా దాటిపోయే లకుముకి పిట్టలు, శీతాకాలమైతే ఎక్కడెక్కడి చలి దేశాల నుంచో వచ్చిన ఉల్లంకి పిట్టలు. బావురు పిల్లి మాత్రం పగలు కనిపించదు. మొదటి రోజే కాదు, పదో రోజూ కనిపించకపోవచ్చు.

కనిపించేది అడుగు. బురద అంచున, నీటికి జానెడు దూరంలో, నాలుగు వేళ్ల గుండ్రటి గుర్తులు. నక్క అడుగైతే కోలగా, గోళ్లు స్పష్టంగా పడతాయి. నీటికుక్కదైతే అయిదు వేళ్లు. ఈ తేడా ఆ దంపతులకు తెలియదు, విజయవాడ నుంచి వచ్చిన అధికారికీ తెలియకపోవచ్చు. మండపీతను బొరియలో చేయి పెట్టి పట్టే యానాది మనిషికి తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ పాయల్లో వల వేసిన పల్లెకారు కుర్రాడికి తెలుసు. పోటు ఎప్పుడు ఎక్కుతుంది, ఏ పాయలో పడవ బురదకు తగులుతుంది, పిల్లి నిన్న రాత్రి దిగిందా ఈ తెల్లవారుజామున దిగిందా, అన్నీ చెప్పగలడు.

అందుకే ఇక్కడ సఫారీ పెట్టాలంటే జీపుతో, కెమెరాతో, కంపెనీతో పని జరగదు. ఆ మనిషి లేకపోతే చూపించడానికి ఏమీ లేదు. మారాలో గైడు లేకపోయినా జిరాఫీ కనిపిస్తుంది. నాగాయలంకలో గైడు లేకపోతే కనిపించేది ఉత్త బురద. అలాంటప్పుడు అతనికి ఇచ్చే డబ్బు దయాధర్మం కాదు, ఉపాధి పథకమూ కాదు. విద్యకు కట్టే రుసుము. ఇక్కడ పర్యాటకం పేరుతో ఏ ప్రణాళిక వేసినా మొదటి పేజీలో ఈ మాట రాయాలి. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. ముందు బోటింగ్ పాయింట్, తర్వాత కాటేజీలు, తర్వాత గుత్తేదారు, చివరికి స్థానికుడికి కాపలా పనో, ఊడ్చే పనో మిగులుతుంది.

రాష్ట్రంలో దీనికి పునాది లేకపోలేదు. నల్లమలలో, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెంచులను రక్షణ సిబ్బందిగా పెట్టుకున్నారు. పులి అడుగు పోల్చడంలో వాళ్లను మించినవాళ్లు లేరని అటవీ శాఖే ఒప్పుకుంటుంది. మారేడుమిల్లి వైపు గిరిజనుల సంఘాలతో పర్యావరణ పర్యాటకం నడుస్తోంది. కోరింగలో మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడిచి జనం అడవి చూసి వస్తున్నారు. వీటిలో లోపాలున్నాయి, నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి. కృష్ణా అభయారణ్యం దాకా వచ్చేసరికే ఈ ఆలోచన నీరసపడింది.

జనాన్ని రానిస్తే అడవి పాడవుతుంది, మూసి ఉంచడమే మేలు అనేవాళ్లున్నారు. హంసలదీవి ఒడ్డున పండగ మర్నాడు పడి ఉండే సీసాలు, సంచులు చూసినవాళ్లెవరూ ఆ భయాన్ని తీసిపారేయలేరు. అయితే ఈ అడవి ఎన్నడూ మూసి లేదు. చెరువు గట్లు వచ్చాయి, రోడ్డు వస్తోంది, మడ కొట్టడమూ జరిగింది. చూసేవాడు లేని చోట కొట్టడం తేలిక. తలుపు తీయాలా వద్దా అని వాదించుకునే రోజులు దాటిపోయాయి. ఎవరి చేతిలో తాళంచెవి పెట్టాలన్నది ఒక్కటే ఇంకా మన చేతుల్లో ఉంది. మారా రిజర్వ్‌లో ఒక జంతువు చుట్టూ అయిదు బండ్లకు మించి ఉండకూడదని నియమం. రద్దీ రోజుల్లో దాన్ని తుంగలో తొక్కడమూ అక్కడ జరుగుతుంది. ఇక్కడ ఆ సంఖ్య ఇంకా తక్కువ ఉండాలి. ఒక పాయలో ఒక పూట రెండు మూడు పడవలు చాలు. మోటారు బదులు గడతో నెట్టే పడవ. రాత్రిపూట లైట్లు వేసి పిల్లిని వెతికే పని అసలే వద్దు. పడవకు కట్టే డబ్బులో సగానికి పైగా పడవవాడికీ, దారి చూపినవాడికీ ఆ సాయంత్రమే చేరాలి. కొంత వాటా పక్కన పెట్టి, పిల్లి దిగిన చెరువు రైతుకు నష్టం కట్టివ్వాలి. గట్టు చుట్టూ వల కంచె కట్టుకోవడానికీ అందులోంచే సాయం చేయవచ్చు. అప్పుడు ఆ రైతు కర్ర ఎత్తే ముందు ఓ క్షణం ఆగుతాడు.

ఆడవాళ్ల వాటా మారాలో జరిగిన తప్పులా ఇక్కడ జరగకూడదు. పీతలు ఏరేది, చేపలు ఎండబెట్టేది, బుట్ట నెత్తిన పెట్టుకుని అవనిగడ్డ సంతకు పోయేది ఆడవాళ్లే. పాయల దారి వాళ్లకూ తెలుసు. గైడు శిక్షణకు పేర్లు తీసుకునేటప్పుడు పట్టాదారు ఎవరని కాకుండా పడవలో దిగేవాళ్లు ఎవరని అడిగితే ఆ పేర్లు వాటంతటవే వస్తాయి. యానాదులకు ఈ ప్రాంతంలో చాలామందికి ఇంటి స్థలమే సరిగ్గా లేదు. భూమి ఉన్నవాడికే వాటా అన్న నియమం పెడితే వాళ్లు మొదటి రోజే బయటికి పోతారు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, సగం మొదలైన పని ఒకటి ఉంది. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి ఇసుకలో గుంట తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. నక్కలు, కుక్కలు తవ్వుకుపోకుండా ఆ గుడ్లను ఏరి, వల కట్టిన చోట మళ్లీ పాతిపెట్టి, నలభై అయిదు నుంచి అరవై రోజులు కాపలా కాసి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదలాలి. అటవీ శాఖ ఈ పనికి ఒడ్డున ఉన్న పల్లెకారు మనుషులనే పెట్టుకుంటుంది. చీకట్లో ఇసుక మీద తాబేలు ఈడ్చుకుపోయిన చార చూసి గుంట ఎక్కడుందో చెప్పేది వాళ్లే. సీజన్ అయ్యాక ఆ పనీ ఆగిపోతుంది, కూలీ ఆగిపోతుంది. మే నెలలో ఆ మనిషి మళ్లీ వల భుజాన వేసుకుంటాడు, లేదా ఏ చెరువు గట్టు మీదో రాత్రి కాపలాకు కుదురుతాడు. ఇసుక చదివిన ఆ కళ్లనే మిగతా ఎనిమిది నెలలూ మడ పాయల్లో పెట్టుకోవచ్చు. పన్నెండు నెలల జీతం, ఓ గుర్తింపు కార్డు, కోయియాకి బడిలా ఓ శిక్షణ, పడవకు లైఫ్ జాకెట్లు. చల్లపల్లి దంపతులు వచ్చే శీతాకాలం ఓ ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి నాగాయలంక రేవుకు చేరితే, పడవలో గడ పట్టుకుని వాళ్ల కోసం నిలబడాల్సింది అతనే.